ఒంటె దిగడానికి ఎంత?

గీజా పిరమిడ్లు చూసొచ్చిన మనవాళ్ళను ఎవరినైనా కదిపి చూడండి. ముందు ఒంటె మాటే వస్తుంది. ఎక్కేటప్పుడు ఒక రేటు చెప్పాడని, దిగేటప్పుడు ఇంకో రేటు అడిగాడని, ఇవ్వకపోతే ఒంటెను కూర్చోబెట్టనన్నాడని చెబుతారు. ఆ తర్వాత తలకు రుమాలు చుట్టి ‘గిఫ్ట్’ అన్నవాడు, ఫోటో తీసి ఫోను తిరిగివ్వనివాడు, ‘ఈ గేటు మూసేశారు, నా వెంట రండి’ అన్నవాడు వరసగా వస్తారు. ఎవరైనా పనిగట్టుకుని అడిగితే, ఆఖర్న, ‘పిరమిడ్ బాగానే ఉంది, చాలా పెద్దది’ అంటారు. నాలుగున్నర వేల ఏళ్ళుగా నిలబడ్డ కట్టడం గురించి మన దగ్గర ఉన్నవి ఆ నాలుగు మాటలే. పోయిన వంద పౌండ్ల గురించి మాత్రం గంటసేపు చెప్పగలం. ఈజిప్టులో వంద పౌండ్లంటే మన లెక్కలో రెండు వందల రూపాయలు కూడా కావు.

ఆ కథలు అబద్ధాలేమీ కావు. గీజాలో మోసాలున్నాయి, అవి పాతవే, వాటిని నేర్పుగా నడిపేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ కథలు చెప్పేటప్పుడు మనం ఒక సగాన్ని ఇంట్లో దాచి వస్తాం. ఆ సగంలో మన బేరాలుంటాయి, మన చవక ప్యాకేజీలుంటాయి, ఏమీ చదవకుండా అంత దూరం వెళ్ళిన మన సోమరితనం ఉంటుంది. వలకు ఒక కొస అతని చేతిలో ఉంటే రెండో కొస పట్టుకున్నది మనమే.

ముందు బయటికి కనిపించే సంగతే చూద్దాం. పిరమిడ్ల వైపు వెళ్ళే దారిలో కారు నెమ్మదించగానే ఒకతను బానెట్ మీద చెయ్యేసి ఆపుతాడు. మెడలో ఏదో కార్డు వేలాడుతుంటుంది. ఇవాళ కార్లను రానివ్వడం లేదంటాడు, లోపల దూరం చాలా ఎక్కువంటాడు, ఒంటె మీదో గుర్రబ్బండి మీదో అయితే పని సులువంటాడు. డ్రైవరు అవునన్నట్టు తలూపుతాడు. అయిదు నిమిషాల్లో మనం ఒక గుర్రపుశాల ముందు టీ తాగుతూ ఉంటాం. గేటు దాటాక ఇంకొకతను ‘టికెట్ చూపించండి’ అని తీసుకుని, తిరిగివ్వకుండా ముందుకు నడుస్తూ చరిత్ర చెప్పడం మొదలుపెడతాడు. కాసేపటికి అతను మన గైడు అయిపోతాడు. టికెట్ కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికీ, ప్రవేశద్వారాల దగ్గర తనిఖీ చేసేవాళ్ళకీ తప్ప మన టికెట్ ఎవరికీ చూపించక్కర్లేదు. దారి మధ్యలో ఆపే హక్కు ఏ మెడకార్డుకూ లేదు. ఇదేమీ రహస్యం కాదు. బయల్దేరే ముందు మనమంతా నాలుగు వీడియోలు చూసే వెళ్తాం. చూసి కూడా పడతాం.

ఎందుకు పడతామో అతనికి మనకంటే బాగా తెలుసు. ‘ఇండియా?’ అని అడుగుతాడు. అవుననగానే ‘అమితాబ్ బచ్చన్!’ అంటాడు, కుర్రాళ్ళు కనిపిస్తే ‘షారుక్ ఖాన్!’ అంటాడు. ఈజిప్టులో హిందీ సినిమాలను దశాబ్దాలుగా ప్రేమించిన జనం ఉన్నారు కాబట్టి ఆ పలకరింపు పూర్తిగా నటన కూడా కాదు. మనం కరిగిపోతాం. దేశం కాని దేశంలో మనల్ని గుర్తుపట్టాడన్న సంబరం మొహంలో కనిపించేస్తుంది. ‘ఇండియన్స్ మా అన్నదమ్ములు, మీకు స్పెషల్ ప్రైస్’ అన్న మాటకు ఇంకో మెట్టు దిగుతాం. ఇక ‘వద్దు’ అనడానికి మొహమాటం అడ్డొస్తుంది. దానికి తోడు, కొనేది లేకపోయినా ధర కనుక్కోవడం మనకో సరదా. కోఠీలోనో బీసెంట్ రోడ్డులోనో ఆ సరదాకు ఖర్చు లేదు. గీజాలో ధర అడిగామంటే బేరం మొదలైనట్టే. చేతిలో పెట్టిన పేడపురుగు బొమ్మను పట్టుకున్నామంటే కొన్నట్టే. ‘లా, షుక్రన్’ అని రెండు ముక్కలు చెప్పి, ఆగకుండా, మొహం చూడకుండా నడిచిపోతే చాలామంది రెండోసారి అడగరు. మనం ఆగుతాం. ఊరికే వచ్చే రుమాలును వదులుకోలేక ఆగుతాం.

ఇక ఒంటె. అతను చెప్పిన ధరలో మూడో వంతుకు ఒప్పించామని మన బృందంలో ఒకరు గర్వంగా ప్రకటిస్తారు. ఆ మూడో వంతుతో ఒంటెకు మేత కూడా రాదని ఆ మనిషికి తెలుసు. ఒక్క నిమిషం ఆలోచిస్తే మనకూ తెలుసు. అయినా అతను ఎందుకు ఒప్పుకున్నాడో మనం అడగం, గెలిచామనుకుంటాం. మిగతా రెండు వంతులు పైనుంచి, ఎనిమిదడుగుల ఎత్తులో కూర్చుని, కట్టాల్సి వస్తుంది. ఎక్కడం దిగడం రెండూ కలిపి ఎంత, ఎంతసేపు, ఎక్కడి నుంచి ఎక్కడికి, మనిషికా మొత్తానికా అని ముందే మాట్లాడుకుని, న్యాయమైన ధరకు ఒప్పుకుని, దిగాకే ఇస్తానని చెబితే సాధారణంగా ఈ గొడవ ఉండదు. అలా మాట్లాడితే బేరంలో గెలిచిన సుఖం ఉండదు, అందుకే మాట్లాడం.

ఇదంతా ఇసకలో జరిగే చిన్న మోసం. పెద్దది ఏసీ బస్సులో జరుగుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

తెలుగునాట నుంచి ఈజిప్టు వెళ్ళేవాళ్ళలో పవిత్రభూమి యాత్రికులు చాలామంది. హైదరాబాద్, విజయవాడల నుంచి బయల్దేరే బృందాలు అమ్మాన్‌లో దిగి, నెబో కొండ చూసి, యెరూషలేము, బేత్లెహేము దర్శించి, సీనాయి మీదుగా కైరో చేరి తిరుగు విమానం ఎక్కుతాయి. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థిక సాయం కూడా ఇచ్చింది. 2019లో ఆ సాయాన్ని ఆదాయాన్ని బట్టి 60 వేలు, 30 వేల రూపాయలకు పెంచారు. జీవితమంతా కూడబెట్టుకుని వెళ్ళే పల్లెటూరి విశ్వాసులు ఈ బృందాల్లో ఉంటారు. వాళ్ళతోపాటు అమెరికాలో పిల్లల్ని చూసి తిరిగొస్తూ దారిలో ఈజిప్టు కలుపుకునే తల్లిదండ్రులు, గల్ఫ్‌లో సెలవు దొరికిన ఉద్యోగులు, కంపెనీ తరఫున తిరిగే డీలర్ల బృందాలు కూడా ఉంటాయి. అందరి కైరో రోజూ దాదాపు ఒకేలా గడుస్తుంది. పొద్దున పిరమిడ్ల దగ్గర కాసేపు, సింహిక (స్ఫింక్స్) ముందు ముద్దుపెడుతున్నట్టు ఫోటో, తర్వాత పపైరస్ దుకాణం, తర్వాత అత్తరు దుకాణం, వీలైతే పత్తి బట్టల దుకాణం. రాళ్ళ దగ్గర గడిపిన సమయం కంటే దుకాణాల సోఫాల్లో గడిపిన సమయం ఎక్కువైనా ఎవరూ లెక్కపెట్టుకోరు.

ఆ దుకాణాల్ని ప్రయాణ కార్యక్రమంలో పెట్టింది ఎవరని ఆలోచిద్దాం. మనం నలుగురు ఏజెంట్లకు ఫోను చేస్తాం. అందరికంటే తక్కువ చెప్పినవాడి దగ్గర ఇంకో అయిదు వేలు తగ్గించమంటాం. తగ్గిస్తాడు. తగ్గించినదాన్ని అతను జేబులోంచి వేసుకోడు, కైరోలో ఉన్న ఏజెన్సీకి ఇచ్చేదాంట్లో కోస్తాడు. ఆ ఏజెన్సీ గైడు రోజుకూలిలో కోస్తుంది. గైడు ఆ లోటును దుకాణం కమీషన్‌తో పూడ్చుకుంటాడు. అంటే బేరమాడి మిగుల్చుకున్న అయిదు వేలను అత్తరు సీసా రూపంలో, కొంత వడ్డీతో, మనమే తిరిగి కడుతున్నాం. ఈ లెక్క మనకు కొత్తా? చార్మినార్ చూపిస్తానని ఎక్కించుకున్న ఆటో ముత్యాల దుకాణం ముందు ఎందుకు ఆగుతుందో హైదరాబాద్ వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన పుణ్యక్షేత్రాల్లో బస్టాండులో దిగీ దిగగానే చుట్టుముట్టే దళారుల చదువూ ఇదే. సొంతూరి మోసాన్ని చూసి నవ్వుకునే మనం పరాయి దేశంలో అదే కనిపిస్తే ‘ఈ జాతే ఇంత’ అని తీర్పు చెప్పేస్తాం.

ఆ గైడు ఎవరో కూడా తెలుసుకోం. ఈజిప్టులో గైడు కావాలంటే చదువుండాలి, ప్రభుత్వం ఇచ్చే లైసెన్సుండాలి. వాళ్ళలో ఈజిప్టు పురావస్తు శాస్త్రం చదివినవాళ్ళు, చిత్రలిపి చదవగలిగినవాళ్ళు ఉన్నారు. అలాంటి మనిషిని మనం రోజంతా మన వెంట ఉంచుకుని అడిగే ప్రశ్నలు బాత్రూం ఎక్కడ, భోజనం ఎప్పుడు, ఇక్కడ ఇండియన్ రెస్టారెంట్ ఉందా అన్నవి. 2024 మార్చిలో ఈజిప్టు తన పౌండును మార్కెట్‌కు వదిలేసినప్పుడు, డాలరుకు 31 దగ్గరున్న విలువ రోజుల్లో 50 దాకా పడిపోయింది. జీతం పౌండ్లలో వచ్చే ఆ చదువుకున్న మనిషి అత్తరు దుకాణం తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడంటే అతన్ని అక్కడ నిలబెట్టిన చేతుల్లో మనవీ ఉన్నాయి.

పపైరస్ దుకాణం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. మన సిగ్గుచేటు అక్కడ బాగా బయటపడుతుంది. బోర్డు మీద ‘ఇన్‌స్టిట్యూట్’ అనో ‘మ్యూజియం’ అనో ఉంటుంది. లోపల ఒకమ్మాయి పచ్చి పపైరస్ కాడను తీసుకుని, తొక్క చెక్కి, లోపలి బెండును సన్నటి పేలికలుగా కోసి, నీళ్ళలో నానబెట్టి, అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పరిచి, బరువు కింద అదిమి చూపిస్తుంది. చూపించేది అసలైన పద్ధతే. ఆ పద్ధతి మనదాకా ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ అడగరు. పపైరస్ తయారీ ఈజిప్టులో దాదాపు వెయ్యేళ్ళ కిందటే అంతరించింది. నైలు ఒడ్డున ఆ మొక్క కూడా కనుమరుగైంది. హసన్ రగబ్ అనే ఇంజనీరు, చైనాలో ఈజిప్టు రాయబారిగా పనిచేసినవాడు, అక్కడ చేత్తో కాగితం తయారుచేసే కుటుంబాలను చూసి, తిరిగొచ్చాక 1960లలో మొక్కను మళ్ళీ నాటించి, తయారీ రహస్యాన్ని ప్రయోగాలు చేసి రాబట్టాడు. తర్వాత షర్కియా ప్రాంతంలోని అల్-ఖరామూస్ అనే ఊళ్ళో రైతులు వరిపొలాల పక్కన పపైరస్ వేసి, దానిమీద బొమ్మలు గీసి బతకడం నేర్చుకున్నారు.

మనం ఆ దుకాణానికి ఇంత చరిత్రను దాటుకుని వెళ్ళి అడిగేది ఒక్కటే, డజను తీసుకుంటే ఎంతకిస్తావని. తిరిగొచ్చాక వదినకి, పక్కింటివాళ్ళకి, ఆఫీసులో మేనేజరుకి తలా ఒకటి పంచాలి. డజను అసలైనవి, చేత్తో గీసినవి, మనం అనుకున్న డబ్బుకు రావు. అరటి పీచుతోనో చెరుకు పీచుతోనో చేసి, మిషను మీద అచ్చేసినవి వస్తాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అసలు పపైరస్‌లో అడ్డం నిలువు పేలికల అల్లిక కనిపిస్తుంది, చుట్టినా విరగదు. నకిలీది మడిస్తే పగులుతుంది. ఈ పరీక్ష రెండు క్షణాల పని. చేస్తే అసలు ధర కట్టాల్సి వస్తుందేమో అని మనకు భయం. నకిలీ దుకాణాలను బతికించే గిరాకీ మనది. అల్-ఖరామూస్ రైతుకు రావాల్సిన డబ్బు అచ్చు మిషనుకు పోతోందంటే, దారి మళ్ళించింది మన డజను లెక్కే.

పైగా ఆ బొమ్మ ఏమిటంటే, టుటన్‌ఖమున్ బంగారు ముసుగు. గీజా పిరమిడ్లు కట్టిన పన్నెండు వందల ఏళ్ళ తర్వాతి కుర్ర ఫరో. పిరమిడ్ల కాలపు పపైరస్ రాతలు నిజంగానే దొరికాయి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్‌లో పురావస్తు శాస్త్రవేత్త పియర్ తలే నాయకత్వంలోని బృందం వాటిని తవ్వి తీసింది. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అతి పాతవి అవే. వాటిలో మెరెర్ అనే మేస్త్రీ దినచర్య ఉంది. తూరా గనుల్లో సున్నపురాయి పడవకెక్కించడం, నైలు దాటించి గీజాలో ఫరో ఖుఫూ పిరమిడ్ దగ్గరికి చేర్చడం, ఏ రాత్రి ఎక్కడ బస చేశారన్నది, అన్నీ రోజువారీగా రాసుకున్నాడు. దేవుళ్ళు లేరు, శాపాలు లేవు, గ్రహాంతరవాసులు అసలే లేరు. రాళ్ళు మోయించిన మనిషి లెక్కల పుస్తకం అది. మనింట్లో ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీసిన అరటి పీచు మీద మెరెర్ పేరు ఉండదు.

నిజానికి ఈ వలలు నిన్నమొన్న వేసినవి కావు, వేయించినవాళ్ళూ యాత్రికులే. క్రీస్తుకు ముందు అయిదో శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ గీజా వచ్చాడు. పిరమిడ్ మీద ఉన్న రాతను చదివి వినిపించమని దుబాసీని అడిగితే, కూలీలకు పెట్టిన ముల్లంగి, ఉల్లి, వెల్లుల్లి ఖర్చు పదహారు వందల తాలెంతుల వెండి అని అతను చెప్పాడట. హెరోడోటస్ నమ్మి గ్రంథంలో రాశాడు. దుబాసీకి ఆ లిపి వచ్చో రాదో మనకు తెలియదు గానీ, గిరాకీ ఏం వినాలనుకుంటోందో బాగా తెలుసు. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1869లో అచ్చయిన ప్రయాణ గ్రంథంలో పిరమిడ్ ఎక్కించే కూలీల బక్షీసు వేధింపును ఎకసెక్కం చేస్తూ రాశాడు. అదే గ్రంథంలో ఒక డాలరు ఇస్తానని ఒకతన్ని ఒక పిరమిడ్ దిగి ఇంకో పిరమిడ్ ఎక్కి తొమ్మిది నిమిషాల్లో తిరిగి రమ్మని పరుగెత్తించిన సంగతీ రాశాడు. అదే ఏడాది థామస్ కుక్ తన మొదటి బృందాన్ని నైలు మీదికి తీసుకెళ్ళాడు. ఈజిప్టు ప్యాకేజీ వ్యాపారానికి అది శ్రీకారం. (1880లో పిరమిడ్ల కొలతలు తీయడానికి వచ్చిన ఫ్లిండర్స్ పెట్రీ ఒక సమాధిలో కాపురం పెట్టి, గులాబీ రంగు లోదుస్తుల్లో తిరుగుతూ పనిచేసుకునేవాడు. పిచ్చివాడనుకుని టూరిస్టులు దగ్గరికి రాకుండా ఉంటారని అతని లెక్క. గీజాలో వలను తప్పించుకున్నవాళ్ళలో నాకు బాగా నచ్చినవాడు ఇతనే.)

ఒంటెవాళ్ళ ఊరి పేరు నజ్లెత్ అస్-సమ్మాన్. సింహిక కాళ్ళ ముందే ఉంటుంది. టూరిస్టులు రావడం మొదలైనప్పటి నుంచి ఆ ఊరివాళ్ళ బతుకు ఒంటె, గుర్రం, బొమ్మల దుకాణం. 2010లో ఈజిప్టుకు కోటీ 47 లక్షల మంది విదేశీయులు వచ్చారు. 2011లో అధ్యక్షుడు ముబారక్ మీద వచ్చిన తిరుగుబాటుతో ఆ సంఖ్య కోటికి దిగువకు పడిపోయింది. ఆ ఫిబ్రవరి 2న కైరోలోని తహ్రీర్ చౌకులో నిరసనకారుల మీదికి ఒంటెల మీద, గుర్రాల మీద దూసుకెళ్ళిన గుంపులో ఈ ప్రాంతంవాళ్ళు ఉన్నారు. ఆ పనిని ఎవరూ సమర్థించరు. కానీ రోజుల తరబడి ఒక్క టూరిస్టు రాకపోతే ఒంటెకు ఏం పెట్టాలో తెలియని ఊరిని, ముబారక్ మనుషులు ఎలా కదిలించగలిగారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆ తర్వాత నెలల్లో గుర్రాలు డొక్కలెండి చచ్చిపోయాయి. అక్కడ జంతువులకు వైద్యం చేసే బ్రూక్ ఆసుపత్రి 1934లో మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న గుర్రాలు కైరో వీధుల్లో బండ్లు లాగుతూ ఎముకల గూళ్ళలా మిగలడం చూసి డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లిష్ మహిళ పెట్టిన ఆసుపత్రి అది.

గాయాలున్న, పక్కటెముకలు తేలిన జంతువును ఎక్కకుండా ఉండటం మన చేతిలో ఉన్న పని. మన అరవై, డెబ్భై కిలోలను దాని మీద పెట్టే ముందు దాని మూపు చూడం, ఫోటోలో మన మొహం ఎటు తిరిగి ఉందో చూసుకుంటాం.

ఆ గుర్రాలకు మనం రుణపడాల్సిన ఇంకో సంగతి ఉంది. 1990లో సింహికకు దక్షిణాన ఇసకలో తిరుగుతున్న ఒక గుర్రం కాలు, మట్టి ఇటుకల గోడకు తట్టుకుంది. తవ్వితే పిరమిడ్లు కట్టినవాళ్ళ సమాధులు బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్తల్లో జాహీ హవాస్ ఆ సమాధులను, మార్క్ లేనర్ ఆ పక్కనే కూలీల ఊరిని తవ్వారు. రొట్టెలు కాల్చిన పొయ్యిలు, పశువుల ఎముకలు దొరికాయి. విరిగి మళ్ళీ అతికిన ఎముకలున్న అస్థిపంజరాలు దొరికాయి, అంటే గాయపడినవాళ్ళకు వైద్యం జరిగింది. రాజు పిరమిడ్ పక్కనే సమాధి చేసి, పరలోకానికి బీరు కూజాలు కూడా పెట్టి పంపారంటే వాళ్ళు గొలుసులతో కట్టేసిన బానిసలు కారు. పిరమిడ్ల లోపలి రాళ్ళ మీద పనిముఠాలు తమ పేర్లు గీసుకున్నాయి. ఒక ముఠా తమ రాజు పేరు పెట్టుకుని తమను తాము ‘మెంకౌరే తాగుబోతులు’ అని పిలుచుకుంది. నాకైతే ఈజిప్టు మొత్తంలో ఇంత దగ్గరగా అనిపించే మాట ఇంకొకటి లేదు.

మన బస్సులో ఇవేవీ వినిపించవు. ఇశ్రాయేలీయులే పిరమిడ్లు కట్టారని ఒకరు ప్రార్థన మధ్యలో చెబుతారు, అందరూ ఆమెన్ అంటారు. నిర్గమకాండం చెప్పేది పీతోము, రామెసేసు అనే ధాన్యాగార పట్టణాల గురించి, అవి ఇటుక పనితో కట్టినవి. మోషే కాలాన్ని ఎంత వెనక్కి జరిపినా ఖుఫూ రాతి పిరమిడ్ అంతకు వెయ్యేళ్ళ పైచిలుకు పాతది. బైబిలు చెప్పని మాటను బైబిలు పేరిట చెప్పడానికి మనకు జంకు లేదు. ఇంకో బస్సులో ఇంకొకరు ఇవి వేదకాలపు మన శిల్పులు కట్టినవే అంటారు, అదీ వాట్సాప్‌లో వచ్చిన ఆధారంతోనే. మూడో బస్సులో గ్రహాంతరవాసులు. గైడు ఏ బస్సుకు ఆ కథ చెబుతాడు. హెరోడోటస్ దుబాసీ చేసిన పని అదే.

ఖుఫూ పిరమిడ్ లోపలికి ప్రత్యేకంగా టికెట్ కొని, నడుం వంచి ఎక్కి, పై గదిలో ఖాళీ రాతిపెట్టె చూసి ‘ఏమీ లేదు’ అని నిట్టూర్చి దిగుతాం. దారిలో మన తల మీదుగా మెట్లు మెట్లుగా లోపలికి జరుగుతూ ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తుకు లేచిన గ్రాండ్ గ్యాలరీని ఎవరూ తలెత్తి చూడరు, ఊపిరాడటం లేదని పైకి పరుగెత్తడమే. అదే ఆవరణలో తూర్పు శ్మశానంలో ఖుఫూ మనవరాలు మూడో మెరెసాంఖ్ సమాధిలో గోడలోంచే చెక్కిన స్త్రీ విగ్రహాల వరస రంగులతో సహా నిలబడి ఉంది. దానికో చిన్న అదనపు టికెట్, చాలా బృందాలు ఆ వైపు తొంగి చూడవు. దక్షిణాన సక్కారాలో శిల్పి ఇంహోటెప్ ఫరో జోసెర్ కోసం కట్టిన మెట్ల పిరమిడ్ ఉంది, రాతితో కట్టిన తొలి మహాకట్టడాల్లో అది ఒకటి. ఇంకా దిగువన దహ్షూర్‌లో ఖుఫూ తండ్రి స్నెఫ్రూ కట్టిన రెండు పిరమిడ్లున్నాయి. ఒకదాని వాలు కట్టే మధ్యలోనే మార్చాల్సి వచ్చి వంకరగా మిగిలింది. రెండోది, ఎర్ర పిరమిడ్, వాలు సరిగా కుదిరిన మొదటి పెద్ద పిరమిడ్. గీజా ఎలా సాధ్యమైందో అక్కడ కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. అక్కడ గుంపులుండవు, ఒంటెల బేరాలూ తక్కువే. కైరో నుంచి గంట ప్రయాణం. ఆ గంట మనకు దొరకదు, ఎందుకంటే దాన్ని అత్తరు దుకాణానికి ఇచ్చేశాం.

2025 ఏప్రిల్‌లో గీజాలో కొత్త పద్ధతి పెట్టారు. ఫయూమ్ రోడ్డు వైపు కొత్త ద్వారం, లోపల తిరగడానికి ఎలక్ట్రిక్ బస్సులు, ఒంటెలకూ గుర్రాలకూ ఒక మూలన కేటాయించిన చోటు. ఒంటెవాళ్ళు మొదటి రోజుల్లో దారికి అడ్డం నిలబడి నిరసన చెప్పారు. మనం ఆ వార్త చదివి ‘పీడ వదిలింది’ అన్నాం. పర్యాటకులు తరతరాలుగా తమ అవసరానికి పెంచిన ఒక ఊరు ఇప్పుడెలా బతుకుతుందన్న ప్రశ్న మన గ్రూపుల్లో ఒక్కరు కూడా వేయలేదు.

ఈజిప్టును సామానుగా కొని తెచ్చుకునే అలవాటు మనకు ఈ తరంలో వచ్చింది కాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఒక ఈజిప్టు అమ్మాయి మమ్మీ పడుకుని ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాంకు బహూకరించింది అది. అప్పట్లో అమ్మడం నేరం కాదు. కైరో మ్యూజియమే 1979 దాకా ఒక అమ్మకాల గది నడిపింది, 1983 చట్టంతో గానీ పురావస్తువుల వ్యాపారం పూర్తిగా ఆగలేదు. బడిపిల్లలు ఆ అద్దం ముందు నిలబడి దయ్యమా అని అడుగుతారు, టీచర్లు త్వరగా పదమంటారు. ఊళ్ళోనే ఉన్న ఈజిప్టును వందేళ్ళుగా ఇలా చూసినవాళ్ళం, గీజాలో కొత్తగా ఎలా చూస్తాం?

ఏజెంటును అడగాల్సిన ప్రశ్నలు కష్టమైనవేమీ కావు. కైరో గైడుకు లైసెన్సుందా, అతనికి రోజుకు ఎంత ఇస్తున్నారు? దుకాణాల్లో ఆగడం ఉందా, ఉంటే ఎన్ని, ఎంతసేపు? పొద్దున్నే గేటు తెరిచే వేళకు తీసుకెళ్తారా? దహ్షూర్ కలపగలరా? దుకాణాలు తీసేసి, గైడుకు సరైన కూలి కలిపి ధర చెప్పమంటే చెప్పేవాళ్ళున్నారు. ఆ ధర మామూలుదానికంటే ఎక్కువే ఉంటుంది. ఒకప్పుడు కొందరు రెండు ధరలూ పక్కపక్కనే రాసి పంపేవాళ్ళు. మనం ఏది ఎంచుకుంటామో చూసి చూసి, ఎక్కువ ధరది పంపడమే మానేశారు.